కాటా పంపిన తూకం పంపినట్టే ఫైలులో ఉండాలి

నెల్లూరు నుంచి పెన్న దాటి కోవూరు వైపు పోతే రోడ్డు పొడవునా రైసుమిల్లులు కనిపిస్తాయి. మిల్లుకొకటి, లేదంటే నాలుగు మిల్లులకు కలిపి ఒకటి, వే బ్రిడ్జి ఉంటుంది. కోతలు ముమ్మరమైన రోజుల్లో ట్రాక్టర్లూ లారీలూ ఆ కాటా ముందు వరసగట్టి నిలబడతాయి. మా వైపు ధాన్యం లెక్క పుట్టిలో. పుట్టి అంటే 850 కిలోలు. ఆ పైన తేమనీ తాలనీ తరుగనీ ఎంత తియ్యాలన్నది ప్రతి సీజన్లో నడిచే గొడవే. కానీ ఆ గొడవ మొదలయ్యే ముందే ఒక అంకె చీటీలోకి ఎక్కిపోతుంది. ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా చీటీలోకి వచ్చిందో అడిగే రైతులు తక్కువ. అడిగితే విడమరిచి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. కాటా ఇండికేటర్, అంటే తూకం అంకె చూపించే పెట్టె, పంపే ప్రతి వరసనూ, ఎవరి చెయ్యీ పడకముందే, పంపింది పంపినట్టు మామూలు టెక్స్ట్ ఫైలులో రాసిపెట్టాలి. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మూలన పడేసిన పాత కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, కాటా తీగను యూఎస్‌బీకి కలిపే ఒక సీరియల్ కన్వర్టర్ తగిలించి, పాతిక వరసలు దాటని షెల్ స్క్రిప్ట్, అంటే వరసగా నడిచే ఆదేశాల ఫైలు, రాసుకుంటే చాలు. ఎక్కడ చాలదో కూడా చెబుతాను.

ప్లాట్‌ఫారం కింద లోడ్ సెల్స్ ఉంటాయి. బరువు పడితే వాటి లోపలి లోహం వెంట్రుకవాసి వంగుతుంది, ఆ వంపుకు తగ్గట్టు చిన్న విద్యుత్ సంకేతం మారుతుంది. అన్ని సెల్స్ తీగలూ జంక్షన్ బాక్సులో కలిసి గదిలోని ఇండికేటర్‌కు వస్తాయి. ఇండికేటర్ ఆ సంకేతాన్ని కిలోలుగా మార్చి ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. అందరూ చూసేది అక్కడివరకే. ఇండికేటర్ వెనక తొమ్మిది పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఒక కాటా గదిలో గుమాస్తా నన్ను అడిగాడు: “దేనికన్నా ఇది? బిగించినకాడి నుంచి దీంట్లో ఏమీ పెట్టలా.” ముందు కనిపించే ఎర్ర అంకె, ఆ సాకెట్ గుండా సెకనుకు చాలాసార్లు అక్షరాల రూపంలో బయటికి పోతూనే ఉంటుంది. వినేవాళ్లు లేరు, అంతే.

ఆ సాకెట్‌నే సీరియల్ పోర్టు అంటారు. అది పాటించే ప్రమాణం ఆర్‌ఎస్-232. 1960లో అమెరికాలో టెలిప్రింటర్లనూ మోడెములనూ కలపడానికి పుట్టింది. 1969లో వచ్చిన ‘సీ’ కూర్పే చాలాకాలం అందరికీ ఆధారం. తీగ మీద మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య ఉంటే ఒకటి, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 మధ్య ఉంటే సున్నా. మధ్యలో ఉన్న ఆరు వోల్టుల ఎడం వల్ల చిన్నాచితకా విద్యుత్ రొదకు లెక్క చెడదు. మిల్లులో పెద్ద మోటార్లు ఆగుతూ తిరుగుతూ ఉండే చోట ఈ గుణం విలువ తెలుస్తుంది. ఇళ్లలో వాడే కంప్యూటర్ల వెనక నుంచి ఈ పోర్టు మాయమై చాలాకాలమైంది గానీ తూకం యంత్రాలు, ల్యాబు పరికరాలు, బిల్లు ప్రింటర్లు దాన్ని వదల్లేదు. మూడు తీగలతో పని జరిగిపోతున్నప్పుడు వదలాల్సిన అవసరమూ లేదు.

ఆ మూడు తీగల్లోనూ నేను రెండే వాడమంటాను. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. కంప్యూటర్ వైపు తొమ్మిది పిన్నుల్లో 2 వినేది, 3 మాట్లాడేది, 5 గ్రౌండు. వినే తీగ, గ్రౌండు కలిపి, మాట్లాడే తీగను అసలు కలపొద్దు. చాలా ఇండికేటర్లు అవతలి నుంచి ఒంటి అక్షరం వస్తే ఆజ్ఞగా తీసుకుంటాయి: ‘జెడ్’ వస్తే సున్నాకు తెచ్చుకోవడం, ‘టీ’ వస్తే అప్పుడున్న బరువును టేర్‌గా, అంటే ఖాళీ బరువుగా, తీసెయ్యడం, ఇలా. మన లినక్స్ కంప్యూటర్‌లో మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు ఒకటి ఉంటే, కొత్త సీరియల్ పోర్టు కనబడగానే అది మోడెమేమో అనుకుని ‘ఏటీ’ అంటూ మొదలయ్యే పలకరింపులు పంపి చూడొచ్చు. ఆ పలకరింపులో ‘టీ’ ఉంది. లోడు బండి కాటా మీద ఉండగా అది ఇండికేటర్ చెవిన పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ సర్వీసును ఆపెయ్యొచ్చు, ఈ పోర్టు జోలికి పోవద్దని, పరికరాలను గుర్తుపట్టే యూడెవ్‌లో నియమం రాయొచ్చు. రెండూ చెయ్యాల్సిందే. అయినా తీగే లేకపోతే ఏ ప్రోగ్రామూ పొరపాటున కూడా మాట్లాడలేదు. కళ్లంలో ఒకరు కొలుస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టే పెద్దాయన కొలతపాత్ర మీద చెయ్యి వెయ్యడు. మన కంప్యూటర్ ఉండాల్సింది ఆయన స్థానంలో. కాటా ఓనరుకు కూడా ఇదే నమ్మకం కలిగించే మాట: “నీ యంత్రానికి నా నుంచి ఒక్క అక్షరం కూడా పోదు.”

ఇండికేటర్ తీగ కొన్ని మోడళ్లలో 2, 3 తారుమారుగా ఉంటుంది. వోల్ట్‌మీటర్ పెట్టి గ్రౌండుకూ మిగతా పిన్నులకూ మధ్య చూస్తే, పంపే పిన్ను దగ్గర మైనస్ వోల్టేజీ కనిపిస్తుంది. దాన్ని మన 2కు కలిపితే సరి. సీలు వేసిన జంక్షన్ బాక్సు జోలికీ, ఇండికేటర్ లోపలి క్యాలిబ్రేషన్ జోలికీ పోనే కూడదు. తూనికలు కొలతల శాఖ వేసిన ఆ సీలు చెడగొడితే 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద నేరం. వెనక పోర్టు సీలు బయట ఉంటుంది కాబట్టి ఓనరు ఒప్పుకుంటే చాలు.

లినక్స్‌కు నమూనా అయిన యునిక్స్‌ను రాసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు 1970ల మొదట్లోనే పరికరాన్ని కూడా ఫైలులాగే తెరిచి చదివే ఏర్పాటు చేశారు. మనం షెల్ నుంచి సీరియల్ పోర్టును చదవగలగడం ఆ నిర్ణయం పుణ్యమే. కన్వర్టర్ గుచ్చగానే ‘డెవ్’ డైరెక్టరీలో ‘టీటీవైయూఎస్‌బీ0’ అనే ఫైలు పుడుతుంది. ‘క్యాట్’ అని దాని పేరిస్తే అక్షరాలు తెర మీద పడతాయి. అనుమతి లేదంటే, ఉబుంటు, డెబియన్లలో మీ యూజర్‌ను ‘డయలౌట్’ గుంపులో చేర్చి మళ్లీ లాగిన్ కావాలి. ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్పున్న చవక కన్వర్టర్ ఒక క్షణం కనబడి మాయమైతే కంగారు పడొద్దు. చూపులేనివాళ్ల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే సర్వీసు దాన్ని తన పరికరమనుకుని పట్టుకుంటుంది. ఆ కంప్యూటర్‌లో బ్రెయిలీ అవసరం లేకపోతే దాన్ని తీసేస్తే సరిపోతుంది.

అసలు తిప్పలు ఇక్కడ మొదలవుతాయి. ఆ రోజుల్లో సీరియల్ తీగకు అవతల టెలిటైప్ ముందు మనిషి కూర్చుని టైపు చేసేవాడు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఈ రోజుకూ అవతల మనిషే ఉన్నాడనుకుంటుంది. టైపు చేసిన అక్షరం అతనికి కనబడాలి కదా అని, వచ్చిన ప్రతి అక్షరాన్నీ వెనక్కి పంపుతుంది. అదే ఎకో. మాట్లాడే తీగ కలిపి ఉంటే కాటాకు దాని మాటలే తిరిగి వినిపిస్తాయి. ఇంకొకటి ఇంతకన్నా గట్టిది. చాలా ఇండికేటర్లు ప్రతి సందేశానికీ మొదట 2 అనే కోడు, చివర 3 అనే కోడు పెడతాయి. టెర్మినల్ లెక్కలో 3 అంటే కంట్రోల్-సీ, అంటే మనిషి పని ఆపెయ్యమన్నట్టు. కెర్నెల్ ఆ కోడును మింగేసి, అప్పటిదాకా చదవకుండా ఉన్న అక్షరాలను కూడా పారబోస్తుంది. పోర్టు తెరుచుకుంటుంది, తప్పు సందేశమేదీ రాదు, ఫైలు మాత్రం ఖాళీగా ఉంటుంది. కన్వర్టర్ పాడైందనుకుని ఇంకొకటి కొనేవాళ్లున్నారు.

అందుకే చదవడానికి ముందు ‘ఎస్‌టీటీవై’ ఆదేశంతో అవతల ఉన్నది మనిషి కాదని చెప్పాలి. పోర్టు పేరు ఇచ్చి, వేగం 9600, ‘రా’, ‘మైనస్ ఎకో’, ‘సీలోకల్’ అని రాస్తే ఆ పని అయిపోతుంది. ‘రా’ అంటే వచ్చిన అక్షరానికి ఏ అర్థమూ తియ్యకుండా అలాగే ఇమ్మని. ‘సీలోకల్’ అంటే అవతల మోడెం క్యారియర్ సిగ్నల్ కోసం కాచుకోవద్దని. అది పెట్టకపోతే, రెండు తీగలే ఉన్న మన పోర్టును తెరవబోయిన స్క్రిప్ట్ రాని సిగ్నల్ కోసం అక్కడే ఆగిపోవచ్చు. వరస ముగిసిందని చెప్పే గుర్తులు రెండు, క్యారేజ్ రిటర్న్, లైన్‌ఫీడ్. కొన్ని యంత్రాలు వరస చివర మొదటిది ఒక్కటే పంపి రెండోది పంపవు. షెల్‌లోని ‘రీడ్’ లైన్‌ఫీడ్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అలాంటప్పుడు ‘రా’ తరవాత ‘ఐసీఆర్‌ఎన్‌ఎల్’ అని చేరిస్తే కెర్నెలే ఆ మార్పు చేసి ఇస్తుంది. వేగం తప్పు పెడితే చెత్త అక్షరాలు వస్తాయి. 2400, 4800, 9600 మార్చి చూస్తే వీటిలో ఒకటి చాలావరకు కుదురుతుంది.

పోర్టును ‘ఎగ్జెక్’‌తో ఫైలు నంబరు 3 మీద ఒక్కసారే తెరిచి, స్క్రిప్ట్ ఉన్నంతసేపూ అలాగే పట్టుకోవాలి. ప్రతి వరసకూ తెరిచి మూస్తే మధ్యలో వచ్చిన అక్షరాలు పోతాయి, మూసిన ప్రతిసారీ కంప్యూటర్ సిద్ధంగా ఉందని చెప్పే డీటీఆర్ సిగ్నల్ కూడా పడిపోతుంది. తరవాత మళ్లీ మళ్లీ నడిచే ‘వైల్’ లూపులో ‘రీడ్’. దానికి ‘ఆర్’ గుర్తు ఇస్తే బ్యాక్‌స్లాష్‌లకు అర్థం తియ్యదు, ‘టీ 5’ ఇస్తే అయిదు సెకన్లు ఏమీ రాకపోతే తిరిగొస్తుంది. అప్పుడు కాటా నుంచి ఏమీ రావడం లేదని కూడా ఫైలులో రాయాలి. ఇండికేటర్ ఎప్పుడు ఆపారో, ఎప్పుడు వేశారో తెలియడం తూకం తెలియడమంత ముఖ్యం. వచ్చిన వరస ముందు తేదీ, సమయం పెట్టి, ఆ రోజు పేరున్న ఫైలు చివర చేర్చాలి. ప్రతి వరసకూ ‘డేట్’ ప్రోగ్రామును విడిగా పిలవక్కర్లేదు. లినక్స్‌లో మామూలుగా ఉండే షెల్ పేరు బ్యాష్. దాని 4.2 కూర్పు నుంచి ‘ప్రింట్‌ఎఫ్’ తనంతట తానే సమయం రాస్తుంది. మొదటి వరస సగంలో తెగి వస్తుంది, మనం తెరిచేసరికి కాటా మాట మధ్యలో ఉంటుంది కాబట్టి. అది సహజమే. స్క్రిప్ట్ అంటే ఇంతే. కన్వర్టర్ ఊడితే మళ్లీ లేపడానికి, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఒక చిన్న సర్వీసు రాసుకుంటే చాలు.

ఈ లూపులో తూకం లెక్క ఎక్కడా లేదు. కావాలనే పెట్టలేదు. నా వాదనంతా దీని మీదే నిలబడి ఉంది. వచ్చిన వరస నుంచి అంకెను విడదియ్యడం, కూడటం, పుట్టిల్లోకి మార్చడం, ఇవన్నీ వేరే స్క్రిప్ట్ పని. అది ఆ ఫైలును చదువుకోవాలి తప్ప పోర్టును ముట్టుకోకూడదు. ఒక ఉదాహరణ చాలు. ఇండికేటర్ 12,340 కిలోలను ‘0012340’ అని పంపుతుంది. దాన్ని నేరుగా బ్యాష్ లెక్కలో పెడితే, ముందు సున్నా ఉంది కాబట్టి బ్యాష్ దాన్ని ఎనిమిది మూలంగా ఉన్న సంఖ్య అనుకుంటుంది. జవాబు 5344. ఏడు వేల కిలోలు, అంటే ఎనిమిది పుట్ల పైచిలుకు, ఒక్క సున్నా వల్ల గాల్లో కలిసిపోతాయి. అంకెల్లో 8 గానీ 9 గానీ ఉంటే తప్పు సందేశమైనా వస్తుంది, లేకపోతే అదీ రాదు. అంకె ముందు ‘10#’ పెడితే పదుల్లోనే చదువుతుంది. ఇలాంటి తప్పు ఎవరు రాసిన ప్రోగ్రాములోనైనా దూరొచ్చు, కంపెనీవాళ్లు రాసినదానిలోనైనా సరే. కాటా పంపిన అసలు వరస ఫైలులో ఉంటే తప్పు తెలిసిన రోజున వెనక్కిపోయి లెక్క మళ్లీ చెయ్యొచ్చు. లేకపోతే ఆ తప్పే చరిత్ర అయిపోతుంది.

అసలు వరసలుంటే తెలిసేది చివరి అంకె ఒక్కటే కాదు. చీటీలో లోడు తూకం, ఖాళీ తూకం, నికరం, మూడే ఉంటాయి. ఫైలులో బండి ఎక్కిన తీరంతా ఉంటుంది. ముందు చక్రాలు ఎక్కాయి, వెనక చక్రాలు ఎక్కాయి, అంకె ఊగింది, నిలిచింది. కొన్ని ఇండికేటర్లు నిలిచిన తూకానికి ‘ఎస్‌టీ’ అనీ ఊగుతున్నదానికి ‘యూఎస్’ అనీ గుర్తు కూడా పంపుతాయి. చీటీలో ఉన్న అంకె నిలిచాక తీసిందా, ఊగుతుండగా తీసిందా అన్నది అక్కడ తేలిపోతుంది. డ్రైవరు, ఇద్దరు హమాలీలు లోడు తూకంలో బండి మీద ఉండి ఖాళీ తూకంలో దిగిపోతే నికరం వాళ్ల బరువంత పెరుగుతుంది. తిరగబడితే అంత తగ్గుతుంది. దిగిన క్షణాన అంకె పడిపోవడం ఫైలులో కనిపిస్తుంది.

సున్నా సంగతి అంతకన్నా ముఖ్యం. ప్లాట్‌ఫారం కింద మట్టి, ఊక చేరితే, పైన వాననీళ్లు నిలిస్తే, బండి లేనప్పుడు కూడా కాటా ఇరవై కిలోలు చూపించొచ్చు. రెండు తూకాలకూ అదే ఇరవై ఉంటే నికరంలో కొట్టుకుపోతుంది. మధ్యలో ఎవరైనా సున్నా బటన్ నొక్కితే కొట్టుకుపోదు. బండి ఎక్కకముందు అంకె ఎంత ఉందో ఏ చీటీ చెప్పదు. మన ఫైలు చెబుతుంది. చీమకుర్తి క్వారీల నుంచి గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు మోసుకొచ్చే లారీలకైనా ఇదే లెక్క. సరుకు మారినా కాటా వెనక పోర్టు అదే.

“కాటా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది కదా, అందులో అన్నీ ఉన్నాయి కదా” అంటారు. నేను చూసినవాటిలో చీటీ అందంగానే వస్తుంది. కానీ అవి దాచుకునేది నొక్కినప్పటి ఒక్క అంకెను, వాటికి మాత్రమే తెలిసిన డేటాబేస్‌లో. పోర్టు పనిచెయ్యనప్పుడు చేత్తో తూకం కొట్టే వీలు కూడా కొన్నిటిలో ఉంది. చేత్తో కొట్టిన చీటీకీ కాటా నుంచి వచ్చిన చీటీకీ కాగితం మీద తేడా కనబడదు. ఆ కంప్యూటర్ చెడిపోతే పాత తూకాలు ఆ కంపెనీ మనిషి వస్తే తప్ప బయటికి రావు. టెక్స్ట్ ఫైలును ఇరవై ఏళ్ల తరవాత ఏ కంప్యూటర్‌లోనైనా తెరవొచ్చు. పదో తరగతి చదివిన పిల్లలు కూడా చదివి చెప్పగలరు.

ఇంకో అభ్యంతరం నిజంగా బరువైనది. టెక్స్ట్ ఫైలును ఎవరైనా మార్చొచ్చు కదా? మార్చొచ్చు. అందుకే రోజు ముగిశాక ఆ ఫైలుకు ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ ఆదేశంతో ముద్ర తియ్యాలి. 64 అక్షరాలొస్తాయి. ఫైలులో ఒక్క అంకె మారినా ముద్ర పూర్తిగా వేరుగా వస్తుంది. ఆ ముద్రను మరుసటి రోజు ఫైలులో మొదటి వరసగా రాసి, అదే రాత్రి రైతుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాలి. అప్పుడు ఫిబ్రవరి ఫైలును ఏప్రిల్‌లో దిద్దాలంటే, అక్కణ్నుంచి అన్ని రోజుల ముద్రలూ మార్చడమే కాదు, అందరి ఫోన్లలో ఉన్నవి కూడా మార్చాలి. ఓనరు నిజాయతీపరుడైతే ఈ ముద్ర ఆయనకే ఎక్కువ అక్కరకొస్తుంది. కాటా మోసమని ఎవరైనా గొంతెత్తితే నోటితో వాదించే పని లేకుండా ఫైలు తెరిచి చూపించొచ్చు. ఒక సంగతి ముందే చూసుకోవాలి. పాత కంప్యూటర్‌లో బోర్డు బ్యాటరీ అయిపోయి ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం ఎప్పటిదో తేదీకి వెళ్లిపోతుంది. బ్యాటరీ మార్చి, నెట్ ద్వారా సమయం సరిచూసుకునేలా పెట్టకపోతే తేదీలతో పాటు ఈ శ్రమంతా దండగ.

ప్లాట్‌ఫారం దగ్గరే జరిగే మోసాన్ని ఈ ఫైలు పట్టలేదు. చక్రం అంచు మీద ఆగినా, ఇండికేటర్‌ను అసలు క్యాలిబ్రేషన్‌లోనే తప్పుగా పెట్టినా పోర్టుకు తెలియదు. దానికి ప్రామాణిక బరువులు పెట్టి చూసే అధికారులుండాలి. తేమ పేరుతో తీసే తరుగును కూడా ఇది ఆపదు. ఇది చెప్పేది ఒక్కటే: ఫలానా క్షణాన కాటా ఇంత చూపించింది. మిగతా గొడవలన్నీ ఆ ఒక్కటి గట్టిగా తేలాక మాట్లాడుకోవాల్సినవి.

వేగం చాలదేమో అన్న భయం అక్కర్లేదు. 9600 వేగంలో ఒక్కో అక్షరానికి ముందొకటి వెనకొకటి కలిపి పది బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు 960 అక్షరాలకు మించి రావు. బ్యాష్‌కు అది పెద్ద పని కాదు. సెకనుకు పది వరసలు, సమయంతో కలిపి ఒక్కోటి నలభై అక్షరాలనుకున్నా రోజుకు 35 ఎంబీ లోపే. వరసలన్నీ దాదాపు ఒకలాగే ఉంటాయి కాబట్టి ‘జీజిప్’తో కుదిస్తే అందులో చిన్న వంతుకు తగ్గిపోతుంది.

షెల్ చాలని చోటు వేరే ఉంది. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు వస్తున్నాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఏరేటర్లు తిప్పకపోతే సరుకు పోతుంది కాబట్టి అక్కడా ఇలాంటి ఫైలు అవసరమే. కానీ అలాంటి సెన్సార్లు చాలావరకు ఆర్‌ఎస్-485 అనే వేరే ప్రమాణపు తీగ మీద మోడ్‌బస్ అనే పద్ధతిలో మాట్లాడతాయి. అవి అడిగితేనే చెబుతాయి, చెప్పేది అక్షరాల్లో కాదు, పచ్చి బైట్లలో. సందేశం ఎక్కడ ముగిసిందో లైన్‌ఫీడ్‌తో తెలియదు, మూడున్నర అక్షరాల సేపు తీగ నిశ్శబ్దంగా ఉంటే తెలుస్తుంది. సున్నా బైటును బ్యాష్ వేరియబుల్ అసలు పట్టుకోలేదు. ఇక్కడ షెల్‌తో కుస్తీ పట్టొద్దు. ‘ఎంబీపోల్’ లాంటి చిన్న ప్రోగ్రాము అడిగి తెస్తుంది, లేదా పైథాన్‌లో పైసీరియల్‌తో రాసుకోవచ్చు. తెచ్చిన జవాబుకు సమయం కట్టి ఫైలులో చేర్చే పని మళ్లీ షెల్‌కే ఇవ్వొచ్చు. భాష ఏదన్నది నాకు పట్టింపు కాదు. యంత్రం పంపింది మొదట మామూలు టెక్స్ట్‌గా మన చేతికి రావాలన్నదే పట్టింపు.

కొత్తగా కాటా వేయించుకునేవాళ్లకు ఒక్క మాట. ఇండికేటర్ కొనేటప్పుడు సీరియల్ పోర్టు వివరాలున్న పేజీ అడిగి తీసుకోండి. వేగమెంత, వరస ఏ అక్షరంతో మొదలై దేంతో ముగుస్తుంది, అంకెలు ఎన్ని, నిలిచిన గుర్తు పంపుతుందా లేదా అన్నవి అందులో ఉండాలి. కొన్ని ఇండికేటర్లు చివరి అంకెను ముందు, మొదటి అంకెను చివర పంపుతాయి. ఆ పేజీ చేతిలో లేకపోతే ‘0432100’ అని వచ్చినదాన్ని చూసి అది 12,340 అని గుర్తుపట్టడానికి ఎర్ర అంకె పక్కన కూర్చుని పోల్చుకోవాల్సి వస్తుంది. ఆ పేజీ ఇవ్వనంటే బిల్లు కట్టకముందే ఇంకో ఇండికేటర్ చూసుకోండి.